విశాఖ నేరాలు: దొంగ ఎవరన్నదానికంటే ముందు అడగాల్సినవి

ఏటా డిసెంబరు నెలాఖరులో విశాఖ పోలీసు కమిషనర్ విలేకరులను పిలిచి ఆ ఏడాది నేరాల లెక్క చెబుతారు. హత్యలు ఇన్ని, ఇళ్ల దొంగతనాలు ఇన్ని, రికవరీ ఇంత, కిందటేడు కంటే ఇంత శాతం ఎక్కువ, ఇంత శాతం తక్కువ. మర్నాడు పత్రికల జిల్లా పేజీలు ఆ శాతాలతో నిండిపోతాయి. ఆపైన ఆ లెక్కను ఎవరూ తిరగెయ్యరు. తిరగేసినా, వచ్చే ఏడాది ఏ కాలనీలో, ఏ నెలలో, ఏం చేస్తే ఫలానా నేరం తగ్గుతుందో అందులో దొరకదు. ఇందులో పోలీసుల తప్పు పెద్దగా లేదు. ఆ లెక్క పుట్టింది అందుకోసం కాదు.

ఎఫ్ఐఆర్ కోర్టు కోసం రాసే కాగితం. ఎవరు చేశారు, ఏ సెక్షను కింద వస్తుంది, సాక్ష్యం ఏముంది అన్నవి దానికి ముఖ్యం. నివారణకు కావాల్సిన సంగతులు వేరు. వెనక తలుపు నుంచి వచ్చారా, బాల్కనీ నుంచా? ఇంట్లోవాళ్ళు ఊరెళ్లి ఎన్నాళ్ళయింది? అదే ఇంట్లో, అదే వరసలో అంతకుముందు ఎప్పుడైనా జరిగిందా? ఎత్తుకెళ్లిన బంగారం ఎక్కడ, ఎవరు కొన్నారు? ఇవన్నీ కేసు డైరీలో చెదురుమదురుగా ఉండొచ్చు. వెయ్యి కేసులను పక్కపక్కన పెట్టి చూడ్డానికి వీలుగా మాత్రం ఉండవు. విశాఖలో నేరాలు తగ్గించడానికి అడ్డుపడుతున్న వాటిలో ఈ లోటు చిన్నదేమీ కాదు. మన వ్యవస్థ నేరస్థుడి దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది. నివారణ మాత్రం అవకాశం దగ్గర, బాధితుడి దగ్గర మొదలవ్వాలి.

ముందుగా లెక్కల సంగతి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 1986లో ఏర్పడింది. దేశవ్యాప్త నేర గణాంకాల నివేదిక అంతకుముందు నుంచే, 1953 నుంచీ వస్తోంది. ఇందులో ఒక నియమం ఉంది: ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా, వాటిలో అన్నిటికంటే పెద్ద శిక్ష పడే ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. దోపిడీకి వచ్చినవాడు ఇంటామెను చంపితే అది హత్యగా ఎక్కుతుంది, దోపిడీ మాయమవుతుంది. దేశం మొత్తానికి ఒక అంచనా చెప్పాలంటే ఈ నియమం సరిపోతుంది. ఒక కాలనీకి కాపలా ఏర్పాటు చెయ్యాలంటే సరిపోదు.

విశాఖకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ నివేదికలోని మహానగరాల ప్రధాన పట్టికల్లో 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలే ఉంటాయి. 2011 జనగణన ప్రకారం విశాఖ జనాభా 17 లక్షల పైచిలుకు. అందుకని హైదరాబాద్, చెన్నైలతో పోల్చి చూసే వీలు ఆ పట్టికల్లో లేదు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. లక్ష జనాభాకు ఇన్ని నేరాలని ఎవరైనా చెబితే, కింద భాగించిన జనాభా అంచనాయే తప్ప లెక్కపెట్టింది కాదు. మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వైపు పదిహేనేళ్ళలో ఊరు ఎంత పెరిగిందో కళ్ళారా చూసినవాళ్ళకు ఆ అంచనా మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో తెలుసు.

ఇక అసలు స్టేషనుదాకా రాని నేరాలు. జగదాంబ దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్సులోనో జేబులోని ఫోను కొట్టేస్తే, చాలామంది సిమ్ కార్డు కోసమే స్టేషనుకు వెళ్తారు. 'దొంగిలించారు' అని రాస్తే కేసు కట్టాలి, 'పోయింది' అని రాస్తే రసీదు సరిపోతుంది. రెండోదే ఇద్దరికీ సులువు. అలా ఒక నేరం లెక్కలోంచి జారిపోతుంది. ఇది ఒక్క ఊరి జబ్బు కాదు. 2017లో ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరుల్లో 20 వేలకు పైగా ఇళ్లలో జరిపిన ఒక సర్వేలో, దొంగతనం జరిగినవాళ్ళలో ఎఫ్ఐఆర్ దాకా వెళ్లింది పదిమందికి ఒకరు కూడా లేరని తేలింది. ఇంటి గోడల మధ్య జరిగే హింస అయితే చెప్పనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది సాయం అడగనూ లేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

ఈ కారణంగానే అమెరికాలో 1970ల నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి బాధితుల సర్వేలు నడుస్తున్నాయి. పోలీసులను అడగకుండా నేరుగా ఇళ్లకు వెళ్లి, గడిచిన కొన్ని నెలల్లో మీకేమైనా జరిగిందా, జరిగితే ఎవరికైనా చెప్పారా అని అడుగుతారు. అలాంటి కొలబద్ద లేనిచోట కేసులు పెరిగితే నేరం పెరిగినట్టా, నమ్మకం పెరిగినట్టా అన్నది ఎప్పటికీ తేలదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కింద ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో ఇచ్చి మూడు రోజుల్లో సంతకం పెట్టొచ్చు. ఈ వీలు నిజంగా అందరికీ అందితే కేసులు పెరగాలి. పెరిగినందుకు ఒక సీఐని మందలిస్తే, మరుసటేడు ఫోన్లన్నీ మళ్ళీ 'పోవడం' మొదలెడతాయి.

నేరం ఊరంతా సమానంగా పరుచుకుని ఉండదన్నది నేరశాస్త్రంలో గట్టిగా నిలబడిన విషయం. 1989లో లారెన్స్ షెర్మన్ బృందం అమెరికాలోని మినియాపొలిస్‌లో పోలీసులకు వచ్చిన ఫోన్లను చిరునామాల వారీగా విడదీసింది. నగరంలోని చిరునామాల్లో 3 శాతం చిల్లర నుంచే సగం ఫోన్లు వచ్చాయి. తర్వాత డేవిడ్ వైస్‌బర్డ్ వేర్వేరు నగరాల లెక్కలు చూసి, పెద్ద నగరాల్లో వీధి ముక్కల్లో 4 నుంచి 6 శాతం వాటిలోనే సగం నేరం జరుగుతోందని చూపించారు. చెడ్డ పేటలు, మంచి పేటలు అనే మాట ఇక్కడ పనికిరాదు. చెడ్డపేరున్న పేటలో కూడా చాలా వీధులు ప్రశాంతంగానే ఉంటాయి. మంచిపేరున్న పేటలో ఒక్క మలుపు, ఒక్క మద్యం దుకాణం, ఒక్క చీకటి సందు మొత్తం భారం మోస్తుంటుంది.

విశాఖ భూగోళం ఈ పోగుపడటాన్ని ఇంకా బిగిస్తుంది. ఒకపక్క సముద్రం, మరోపక్క యారాడ, కైలాసగిరి, సింహాచలం కొండలు. ఊరు వెడల్పుగా పెరగలేక జాతీయ రహదారి 16 వెంబడి పొడుగ్గా సాగింది. ఆనందపురం నుంచి మద్దిలపాలెం, ఎన్ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం దాకా రోజూ లక్షలమంది ఆ కొద్ది కూడళ్ళ గుండానే వెళ్లాలి, రావాలి. పాల్, పట్రీషియా బ్రాంటింగ్‌హామ్ దంపతులు 1980లలో చెప్పినదేమిటంటే, నేరం చేసేవాడు కూడా మనలాగే ఇల్లు, పని, కాలక్షేపం మధ్య తిరుగుతుంటాడు. తెలిసిన దారి అంచుల్లోనే అవకాశం చూసుకుంటాడు. చైన్ స్నాచింగ్ ముఠా కాలనీ లోపలి ఎనిమిదో అడ్డవీధిని ఎంచుకోదు. హైవేకి రెండు మలుపుల దూరంలో, పని కాగానే బండి రోడ్డెక్కే చోటు చూసుకుంటుంది. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు వరసల రోడ్డు వచ్చాక పారిపోయే దారుల పటం మారింది. మన పోలీసు గస్తీ బీట్ల పటం ఆ మేరకు మారిందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

కాలం కూడా అంతే. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ ఒక వింతను వివరించబోయారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఆదాయాలు పెరిగాయి, చదువు పెరిగింది, అయినా దొంగతనాలు పెరిగాయి. ఎందుకని? పగటిపూట ఇళ్ళు ఖాళీగా ఉండటం మొదలైంది, ఇంట్లో తేలిగ్గా మోసుకెళ్లగలిగే విలువైన వస్తువులు వచ్చాయి. చెయ్యాలనుకునేవాడు, అందుకు తగిన సరుకు, కాచేవాళ్ళు లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట ఒకేసారి కలిస్తే చాలు. విశాఖలో ఇది అర్థం కావడానికి పుస్తకం అక్కర్లేదు. సంక్రాంతికి సగం కాలనీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు బయల్దేరుతుంది. ముగ్గు లేని వాకిలి, గేటు మీద మూడు రోజుల పాలప్యాకెట్లు, పేపర్లు, పగలు కూడా వెలుగుతున్న బయటి లైటు: ఇంట్లో ఎవరూ లేరని అంతకంటే గట్టిగా చాటింపు వెయ్యలేం. సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో మార్గశిర గురువారాలు జేబుదొంగల క్యాలెండరులో ఎప్పుడూ ఉంటాయి.

తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టేందుకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్ఎంఎస్ పద్ధతి ఈ మూడో అంశం మీదే, అంటే కాచేవాళ్ళు లేకపోవడం మీదే పనిచేస్తుంది. ఊరెళ్లేవాళ్ళు యాప్‌లో నమోదు చేసుకుంటే ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక వస్తే కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తుంది. ఆలోచన మంచిదే. కానీ దాని విజయాన్ని ఎంతమంది నమోదు చేసుకున్నారన్న లెక్కతో కొలిస్తే ఏమీ తెలియదు. కాస్త చదువుకున్నవాళ్ళు, అప్పటికే జాగ్రత్తగా ఉండేవాళ్ళే యాప్ వాడతారు. వాళ్ళ ఇళ్లలో దొంగలు పడకపోతే అది కెమెరా వల్లనా, వాళ్ళ జాగ్రత్త వల్లనా? ఒకే రకమైన కాలనీలు కొన్ని తీసుకుని, సగంలో ఈ సంక్రాంతికి ఇంటింటికీ తిరిగి నమోదు చేయించి, మిగతా సగంలో వచ్చే సంక్రాంతికి చేయిస్తే జవాబు రెండేళ్లలో వస్తుంది. ఖర్చు ఎక్కువేమీ కాదు. ఇలాంటి పరీక్షకు పరిశోధకుడూ పోలీసు అధికారీ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. అదే జరగనిది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. నేరశాస్త్రం ఆ కుక్కల్ని పూర్తిగా తప్పుపట్టదు. మొరగాల్సిందే, ఆర్నెల్ల తర్వాత కాకుండా ఆరు వారాల లోపు. ఒకసారి దొంగతనం జరిగిన ఇంట్లో మళ్ళీ జరిగే అవకాశం మామూలు ఇంటికంటే చాలా ఎక్కువ, అదీ మొదటి కొన్ని వారాల్లో. పక్కిళ్ళకూ ఆ ప్రమాదం అంటుకుంటుంది. దొంగకు దారి తెలిసింది, ఏ తలుపు బలహీనమో తెలిసింది, ఏం వదిలేసి వచ్చాడో గుర్తుంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గరి రోచ్‌డేల్‌లో కిర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1980ల చివర్లో ఈ సంగతి మీదే ఒక ప్రయత్నం జరిగింది. ఊరంతటికీ కాపలా పెట్టలేదు. దొంగతనం జరిగిన ఇంటినే పట్టించుకున్నారు: తాళాలు మార్చారు, దొంగలకు డబ్బు దొరికే, నాణేలు వేసే గ్యాసు, కరెంటు మీటర్లు తీసేశారు, చుట్టుపక్కల ఆరిళ్లవాళ్ళను కొన్నాళ్లు ఓ కన్నేసి ఉంచమన్నారు. మూడేళ్లలో దొంగతనాలు నాలుగింట మూడొంతులు తగ్గాయి.

మన దగ్గర దొంగతనం జరిగాక క్లూస్ టీం వస్తుంది, వేలిముద్రలు తీసుకుంటుంది, కుక్క వీధి చివరిదాకా వెళ్లి ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంటికి పోలీసులు మళ్ళీ వచ్చేది సాధారణంగా సొత్తు దొరికితేనే. రెండో దొంగతనం ఆపడానికి ఎవరూ రారు. బాధితుడు కేసులో సాక్షి, అంతే. నివారణ దృష్టితో చూస్తే అందరికంటే ముందు పలకరించాల్సింది అతన్ని. చేతిలో ఉన్న సమాచారంలో వచ్చే నేరం గురించి ఎక్కువ చెప్పగలిగేది కిందటి నేరం జరిగిన చిరునామానే.

ఇప్పటిదాకా బాధితుడు ఒకడు, నేరస్థుడు ఒకడు అన్నట్టు మాట్లాడుకున్నాం. విశాఖను ఎక్కువ బాధిస్తున్న రెండు నేరాల్లో ఆ గీత నిలవదు.

మొదటిది గంజాయి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండే శీలావతి రకానికి దేశమంతా గిరాకీ ఉంది. కొండ మీద రైతు, ఊళ్ళో సరుకు పోగుచేసేవాడు, పెట్టుబడి పెట్టే బయటి రాష్ట్రపు వ్యాపారి, మోసుకెళ్లే కుర్రాడు, బండి నడిపేవాడు, ఊరూరా చిల్లరగా అమ్మేవాడు: ఇది గొలుసు. రైల్వేస్టేషనులో, టోల్‌గేటు దగ్గర దొరికేది దాదాపు ఎప్పుడూ మోసేవాడే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి బరువును బట్టి శిక్ష వేస్తుంది. కిలోలోపు తక్కువ పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అక్కడ కనీస శిక్షే 10 ఏళ్ళు, బెయిలు దొరకడం గగనం. కొన్ని వేల రూపాయల కోసం సంచీ మోసిన ఏజెన్సీ కుర్రాడికీ, ఫోను మీద టన్నులు తిప్పే వ్యాపారికీ ఆ సెక్షను తేడా చూపదు. తేడా ఏమైనా ఉంటే, వ్యాపారి అరుదుగా దొరకడంలోనే ఉంది. అడవివరం కేంద్ర కారాగారంలో గంజాయి కేసులవాళ్ళ రద్దీ ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దేశం మొత్తమ్మీద జైళ్లలో ఉన్నవాళ్ళలో నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే. అందులో ఈ కుర్రాళ్ళ వాటా ఎంతో, వాళ్ళలో ఎంతమంది మొదటిసారి పట్టుబడ్డవాళ్ళో, ఎవరు పంపారో విడదీసి చదివితే, నివారణకు పనికొచ్చే పరిశోధన అక్కడే సగం అయిపోతుంది.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు ఏజెన్సీలో 7 వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. పొగ పైకి లేచింది, ఫొటోలు బాగా వచ్చాయి. ఆ తర్వాత పట్టుబడుతున్న సరుకులో ఎక్కువ ఒడిశా వైపు నుంచి వస్తోందని అధికారులే చెబుతూ వచ్చారు. అంటే సాగు గట్టు దాటింది. విశాఖ మాత్రం దారిగా ఉండిపోయింది.

ఇక్కడ ఒక తికమక తీర్చుకోవాలి. ఒకచోట అడ్డుకుంటే నేరం పక్కకు జరుగుతుందని, కాబట్టి అడ్డుకుని లాభం లేదని తరచుగా అంటారు. 2009లో రాబ్ గ్యురెట్, కేట్ బవర్స్ ఇలాంటి 102 అధ్యయనాలను కలిపి చూశారు. పక్కకు జరిగినట్టు కనిపించింది నాలుగో వంతు పరిశీలనల్లోనే. దాదాపు అంతే వాటాలో, ఏమీ చెయ్యని పక్క ప్రాంతంలో కూడా నేరం తగ్గింది. పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ లేనివాళ్ళకు జరిమానా వెయ్యడం మొదలెట్టాక బైకుల దొంగతనాలు ఏడాదికి సుమారు లక్షన్నర నుంచి 1986కి 54 వేలకు పడిపోయాయి. అనుకోకుండా బండి కనిపించినప్పుడు ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు కదా. వాళ్ళు కార్ల మీదికో సైకిళ్ల మీదికో మళ్ళిన దాఖలా పెద్దగా లేదు. అవకాశం మీద ఆధారపడ్డ నేరం అడ్డుపడితే ఆగుతుంది. గిరాకీ మీద ఆధారపడ్డది, వెనక పెట్టుబడి ఉన్నది ఆగదు, దారి వెతుక్కుంటుంది. గంజాయి రెండో రకం. కాబట్టి నరికిన ఎకరాలు, పట్టిన కిలోలు విజయానికి కొలతలు కావు. కొండ మీద కాఫీ, మిరియాలు వేసిన రైతు మూడో ఏడు కూడా అదే పంటలో ఉన్నాడా అన్నది కొలత. నగరంలో మొదటిసారి గంజాయి ముట్టే వయసు ఎంతన్నది కొలత. 2024 నవంబరులో ఏర్పడిన రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్, దాని 1972 నంబరు ఫిర్యాదులు తీసుకుంటున్నాయి. ఆ ఫోన్లు ఏ వార్డు నుంచి, ఏ కాలేజీ చుట్టుపక్కల నుంచి వస్తున్నాయో ఆరోగ్య శాఖ కూడా చూడగలిగితే వాటి విలువ రెట్టింపవుతుంది. వ్యసనపరుడు తానే చికిత్సకు ముందుకొస్తే చిన్న పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను అదే చట్టంలో ఉంది. దాని మాట ఎత్తేవాళ్ళే తక్కువ.

రెండోది సైబర్ మోసం. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం 2024లో దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్ల రూపాయలు. విశాఖ ఇందుకు అనువైన ఊరు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, నేవీ, షిప్‌యార్డు, రిఫైనరీల్లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాళ్ళు ఇక్కడ ఎక్కువ. ఒక్కసారిగా చేతికొచ్చిన పెద్ద మొత్తం, ఊళ్ళో లేని పిల్లలు, సర్కారు కాగితమంటే జీవితమంతా అలవాటైన భయభక్తులు. పోలీసులమని బెదిరిస్తూ డిజిటల్ అరెస్టు పేరుతో ఫోను చేసేవాడు కోరుకునేది సరిగ్గా ఇదే. అత్యాశకు పోయి మోసపోయారని వీళ్ళను తీసిపారెయ్యడం మనకు అలవాటు. ఆ అలవాటు వల్లనే బాధితుడు రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా కుమిలిపోతాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి మొదటి గంటలో ఫోను చేస్తే డబ్బు ఖాతాలు మారకముందే ఆపించే అవకాశం ఉంటుంది, రెండో రోజుకి అది దాదాపు పోతుంది. ఇక్కడ సిగ్గు నేరస్థుడి పనిముట్టు.

2024 మేలో ఈ నేరం రెండో ముఖాన్ని విశాఖ పోలీసులే బయటపెట్టారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి స్థానిక ఏజెంట్లు పంపిన ఈ ప్రాంతపు కుర్రాళ్ళు కంబోడియాలో తేలారు. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, ఫోన్ల మీద సొంత దేశపువాళ్ళనే మోసం చేయించారు. అక్కడి సిహనూక్‌విల్ పట్టణంలో వందలమంది భారతీయులు తిరగబడ్డ సంగతి అప్పుడే తెలిసింది. రాయబార కార్యాలయం కొందరిని వెనక్కి తెచ్చింది. పెదగంట్యాడ నుంచి వెళ్లిన నిరుద్యోగి అక్కడ కూర్చుని ఎంవీపీ కాలనీ రిటైర్డు ఉద్యోగికి ఫోను చేసి ఉండొచ్చు. కేసులో ఒకరు బాధితుడు, ఒకరు నిందితుడు. నివారణ లెక్కలో ఇద్దరూ బాధితులే. మధ్యలో ఇంకొకడున్నాడు: నెలకు ఇంత ఇస్తామంటే తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు అప్పగించిన డిగ్రీ కుర్రాడు. ముగ్గురిలో పోలీసులకు ముందు దొరికేది వాడే. గంజాయి సంచీ మోసినవాడి స్థానమే ఇక్కడ ఖాతా అద్దెకిచ్చినవాడిది.

వెనక్కొచ్చినవాళ్ళ వాంగ్మూలాలు దర్యాప్తుకు ఉపయోగపడ్డాయి, ఏజెంట్లను పట్టించాయి. పరిశోధనకు అంతకంటే ఎక్కువ పనికొస్తాయి. డెరెక్ కోర్నిష్ 1994లో సూచించిన పద్ధతిలో, నేరాన్ని రంగాలుగా విడదీసి ఏ రంగంలో అడ్డుకోవడం చవకో చూస్తారు. ఉద్యోగ ప్రకటన ఎక్కడ చూశారు? ఏజెంటుకు డబ్బు ఎలా కట్టారు? ఏ వీసా మీద వెళ్లారు? విమానాశ్రయంలో ఎవరైనా ఏమైనా అడిగారా? కంబోడియాలో కాపలా ఉన్న భవనంలో మనం చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు. గాజువాకలో ఏజెంటు బోర్డు పెట్టిన రోజున చాలా ఉంది.

నేరస్థుల మీద పరిశోధన అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫిలడెల్ఫియా అధ్యయనం. 1945లో పుట్టిన 9,945 మంది మగపిల్లల రికార్డులను మార్విన్ వుల్ఫ్‌గాంగ్ బృందం 18 ఏళ్ళు వచ్చేదాకా చూసి 1972లో ప్రచురించింది. 6 శాతం పిల్లలే సగానికి పైగా నేరాలకు కారణం. ఈ ఒక్క అంకె ప్రపంచమంతటా పోలీసు శాఖలకు నచ్చింది. ఆ 6 శాతాన్ని ముందే పట్టుకుంటే చాలనిపించింది. చిక్కేమిటంటే, వెనక్కి తిరిగి చూసినప్పుడు కనిపించే ఆ కొద్దిమంది ముందునుంచి చూస్తే కనిపించరు. పద్నాలుగేళ్ళప్పుడు అల్లరి చేసినవాళ్ళలో ఎక్కువమంది ఇరవై అయిదుకల్లా ఉద్యోగం, పెళ్లి, సంసారంలో పడి మానేస్తారు.

ముందే గుర్తుపట్టామనుకున్నప్పుడు ఏమవుతుందో ఈ దేశానికి తెలుసు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. అప్పుడు విశాఖ అందులోనిదే. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, ఊరు దాటాలంటే అనుమతి కావాలన్నారు. దేశమంతటా 1952లో అది రద్దయినా ముద్ర పోలేదు. జైళ్లలో కులవివక్ష మీద 2024 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ సంగతినే ఎత్తిచూపింది. రౌడీషీటు, సస్పెక్ట్ షీటు ఆ చట్టపు పిల్లలు కాకపోవచ్చు. కానీ ఒకసారి పేరెక్కితే ఆదివారం ఆదివారం స్టేషనుకు రావాల్సినవాడికి ఉద్యోగం ఎవరిస్తారన్న ప్రశ్నకు రెండిట్లోనూ జవాబు ఒకటే. రౌడీషీటు వల్ల నేరం తగ్గుతుందో లేదో తేల్చడం కష్టమేమీ కాదు. షీటు తెరిచినవాళ్ళనూ, అలాంటి రికార్డే ఉండి తెరవనివాళ్ళనూ అయిదేళ్ళు పోల్చి చూస్తే చాలు.

ఇప్పుడు ముందే గుర్తుపట్టే ఆ పని కంప్యూటరు చేస్తుందంటున్నారు. 2016లో క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్ అమెరికాలోని ఓక్లాండ్ మాదకద్రవ్యాల కేసులను అలాంటి ఒక ప్రోగ్రాముకు ఇచ్చి చూశారు. మత్తు వాడకం ఊరంతా ఉన్నా, అది నల్లజాతివాళ్ళ పేటలకే పోలీసులను మళ్ళీ మళ్ళీ పంపింది, ఎందుకంటే పాత అరెస్టులు అక్కడే ఉన్నాయి. విశాఖలో అలాంటిది పెడితే ఏ కొండవాలు బస్తీల పేర్లు పైకొస్తాయో ఊహించడానికి కంప్యూటరు అక్కర్లేదు. సీసీ కెమెరాల గురించి రెండు మాటలు చాలు. పార్కింగు స్థలాల్లో బాగా పనిచేస్తాయి, కొట్లాటలను పెద్దగా ఆపవు. పనిచెయ్యని కెమెరాను మరమ్మతు చేసే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోకపోతే మూడో వానాకాలానికి స్తంభాలే మిగులుతాయి.

విశాఖలో పరిశోధనకు మనుషుల కొరత లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, న్యాయ కళాశాల ఉన్నాయి. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. లేనిది సమాచారం. పేర్లు తీసేసి, చిరునామాను వీధి మధ్యకు జరిపి నెలనెలా నేరాల పటాన్ని అందరికీ తెరిచి ఉంచడం ఇంగ్లండ్‌లో పదేళ్లకు పైగా జరుగుతోంది; ఆకాశమేమీ విరిగిపడలేదు. మన దగ్గర పోలీసులను ఒప్పించడానికి కొన్నేళ్లు పట్టొచ్చు. అందుకని మొదలుపెట్టడానికి స్టేషను కంటే మంచి చోటు ఒకటుంది: కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) క్యాజువాలిటీ.

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే దవడ శస్త్రవైద్యుడు, తన దగ్గరికి పగిలిన మొహాలతో వచ్చేవాళ్ళలో చాలామంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదని గమనించారు. ఆసుపత్రి రిసెప్షనులో మూడు ప్రశ్నలు చేర్పించారు: ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేనితో కొట్టారు. పేర్లు తీసేసిన ఆ వివరాలు నెలనెలా పోలీసులకు, మునిసిపాలిటీకి వెళ్లేవి. దాంతో ఏ బార్ల దగ్గర, ఏ గంటలో కాపలా కావాలో తెలిసింది. గాజు గ్లాసులు పగిలి మొహాలు చీలుతున్నాయని తెలిసి వాటిని మార్పించారు. 2011లో వచ్చిన మదింపు ప్రకారం, అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే కార్డిఫ్‌లో హింస వల్ల ఆసుపత్రిలో చేరడాలు 42 శాతం తక్కువ.

కేజీహెచ్‌లో పోలీసు కేసయ్యే గాయాలకు మెడికో లీగల్ రిజిస్టరు ఎలాగూ రాస్తారు. ఉత్తరాంధ్ర జిల్లాల దెబ్బలన్నీ చివరికి వచ్చేది అక్కడికే. 'కొట్లాటలో గాయం' అన్న ముక్క పక్కన ఏ జంక్షను దగ్గర, ఎన్ని గంటలకు, ఏ వస్తువుతో అన్న మూడు గడులు చేర్చాలి. మెట్ల మీంచి జారిపడ్డానని మూడోసారి వచ్చిన ఆడమనిషిని భర్త లేనప్పుడు ఒక నర్సు పక్కకు పిలిచి మాట్లాడేలా ఏర్పాటు చెయ్యాలి. ఆమె ఒప్పుకోకుండా ఆ మాట ఎక్కడికీ వెళ్లకూడదు. మిగతా గడుల్లోంచి పేర్లు తీసేసిన కాగితం నెలకొకసారి నగరపాలక సంస్థ జీవీఎంసీకి, పోలీసు కమిషనరేట్‌కి, యూనివర్సిటీకి వెళ్లాలి. కొత్త చట్టం అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. రాత్రి డ్యూటీలో ఉన్న క్యాజువాలిటీ డాక్టరుకు ఒక్కో రోగికి మరో నిమిషం పడుతుంది. ఆ నిమిషం కోసం అక్కడ ఒక డేటా ఎంట్రీ ఆపరేటరును వెయ్యాలి.